నాన్నకి, వియత్నాంలోని హోయాన్ నుంచి నా లెక్కలు

నాన్నా,

మొన్న ఫోన్లో నువ్వు "ఉద్యోగం లేకుండా ఏడాదంతా దేశాలు తిరగడమంటే మాటలా అమ్మా, రోజుకెంతవుద్దేటి" అని అడిగావు కదా, నేను సరిగ్గా చెప్పేలోపే లైన్ కట్ అయిపోయింది, తర్వాత అప్ప ఫోన్ చేసి నాన్న రాత్రి సరిగ్గా పడుకోలేదే అంది. అందుకే ఈ వానలో రూంలో కూర్చుని మొత్తం రాస్తున్నా, అమ్మకి కూడా చదివి వినిపించు.

సింగపూర్లో ఐదేళ్ళు దాచింది తెచ్చి గుడ్డిగా ఖర్చు పెట్టేస్తున్నా అనుకోకు. 365 రోజులకి రోజుకి 2,500 లెక్కన 9,12,500. ఫ్లైట్లకి 1,80,000, వీసాలకి 45,000, ఇన్సూరెన్సుకి 40,000. అంతా కలిపితే 11,77,500. ఇది కాకుండా ఇంకో మూడు లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్లో వేశాను, దానికి నా పుస్తకంలో పేరు తిత్లీ అని రాసుకున్నా.

ఎందుకో నీకు తెలుసు. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబర్ 11 తెల్లారి దొడ్లోకి వెళ్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకి తలలు పెట్టి పడున్నాయి, జీడితోట గుర్తే పట్టలేకపోయాం, నువ్వు ఒక చెట్టు మొదలు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు. ఆ ఏడు మన ఇల్లు నడిచింది నువ్వు ఏ పెళ్ళికీ ఏ పండక్కీ ముట్టని పోస్టాఫీసు డబ్బుతోనే కదా. నా తిత్లీ డబ్బు కూడా అంతే నాన్నా, ఆస్పత్రి పాలైతేనో, ఇంట్లో ఏదైనా జరిగి ఆ రాత్రికే టికెట్ కొనాల్సొస్తేనో, వచ్చాక ఉద్యోగం దొరికేదాకా తినడానికో. ఎంత మంచి ఊరు కనపడినా దాని జోలికి వెళ్ళను.

ఇంకోటి, సింగపూర్లో బయటిదేశం వాళ్ళు ఉద్యోగం మానేస్తే టాక్స్ లెక్క తేలేదాకా ఆఖరి జీతం కంపెనీ ఆపి ఉంచాలి, అది అక్కడి రూలు. అది ముందే తెలుసు కాబట్టి ఆ జీతం లేదనుకునే బయల్దేరాను, వచ్చాక కలుపుకున్నా.

ఇప్పటికి 140 రోజులు. మలేషియాలో 30 రోజులు, రోజుకి 3,900 అయింది. థాయిలాండ్లో 50 రోజులు, 2,600. ఇక్కడ వియత్నాంలో 60 రోజులు, 1,800. మొత్తం 3,55,000, సగటు 2,535 పడింది, అంటే నా గీత కన్నా రోజుకి 35 రూపాయలు పైనున్నా, ఇంకో నెల ఇలాగే ఉంటే కిందకి దిగిపోద్ది. మలేషియా ఖరీదైన దేశమని కాదు, అక్కడ నేను పరిగెట్టాను, మూడ్రోజులకో ఊరు. ఊరు మారిన ప్రతిసారీ బస్ టికెట్, స్టేషన్ నుంచి ట్యాక్సీ, ఎక్కడ చవగ్గా తినాలో తెలీక మొదటి రోజు హోటల్ తిండి, మనం కొత్త ఊర్లో పెళ్ళికెళ్తే దారి ఖర్చు ఎలా కరిగిపోద్దో అలాగ. ఇక్కడ ఒక్కచోటే ఉన్నా. రోజువారీగా తీసుకుంటే రూంకి 1,200 అడిగారు, నెలకి మాట్లాడుకుంటే 20,000కి ఇచ్చారు, వానాకాలం కాబట్టి వచ్చేవాళ్ళు తక్కువ. మన రూపాయికి దాదాపు 300 డాంగులు వస్తాయి. వీధి చివర ఒక పెద్దావిడ పొద్దున్నే చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి కావ్ లౌ అనే నూడుల్స్ పెడతాది, 40,000 డాంగులు, మన లెక్కలో 130 రూపాయలు, నేను వెళ్తే మాంసం లేకుండా ఆకుకూర ఎక్కువేసి ఇస్తాది, చెప్పక్కర్లేదు. రాత్రికి రూంలోనే అన్నం, పప్పు.

ఏటీఎం దగ్గర ఒక దెబ్బ తిన్నాను. థాయిలాండ్లో పదివేల బాట్లు తీస్తుంటే స్క్రీన్ మీద "సింగపూర్ డాలర్లలో కట్ చెయ్యమంటారా" అని అడిగింది, నాది సింగపూర్ బ్యాంక్ కార్డు, ఆ డబ్బులోనే కనపడుతుంది కదా మంచిదే అని అవును నొక్కేశాను. వాళ్ళు వేసిన రేటుకీ నా బ్యాంక్ ఇచ్చే రేటుకీ తేడా వెయ్యి రూపాయల పైనే, దాని మీద 220 బాట్లు ఫీజు. అప్పట్నుంచి ఎక్కడైనా ఆ దేశం డబ్బులోనే కట్ చెయ్యమంటున్నా, కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి ఎక్కువ తీస్తున్నా. బావ వచ్చే ఏడు బ్యాంకాక్ వెళ్తానన్నాడు కదా, ఇది తప్పకుండా చెప్పు.

స్కూటీ నడపట్లేదు, భయపడకు. ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉంటే ఎక్కడైనా చెల్లుద్దని మనవాళ్ళంతా అనుకుంటారు గాని మన దేశంలో ఇచ్చేది దేశాల మధ్య 1949లో జరిగిన రోడ్డు ఒప్పందం ప్రకారం, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చినదాన్ని. లైసెన్స్ చెల్లకపోతే పడినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు రూపాయి ఇవ్వరు. అందుకే సైకిలు. కాని రాత్రి కొత్త ఊర్లో దిగితే మాత్రం ట్యాక్సీకి ఎప్పుడూ వెనకాడను, ఒంటరి ఆడపిల్లకి అది ఖర్చు కాదు, దానికి నెలకి 4,000 రాసుకున్నా. అమ్మకి ఈ ముక్క రెండుసార్లు చదువు.

యూరప్ సంగతి. షెంగెన్ వీసా, అంటే అక్కడి చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకటే వీసా, దానికి 90 యూరోలు, ఇవ్వకపోయినా తిరిగి రావు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపించాలి, సింగపూర్లో ఇప్పుడు నాకు పర్మిట్ లేదు కాబట్టి మన దేశం నుంచే అప్లై చెయ్యాలి. పారిస్ లాంటి చోట పదిమంది పడుకునే గదిలో మంచానికే 40 యూరోలు ఉంది, అక్కడ ఒక్కరోజు ఇక్కడ నాలుగు రోజులతో సమానం. వీసా 90 రోజులకి ఇచ్చినా 30 రోజులే ఉంటా.

అందుకని డిసెంబర్ మూడోవారంలో ఇంటికొస్తున్నా. వైజాగ్లో దిగి సోంపేట ట్రైన్ ఎక్కుతా, కనుమ అయ్యాకే హైదరాబాద్ వెళ్ళి వీసాకి ఇస్తా. అమ్మని నాకోసం ఏమీ కొనొద్దని చెప్పు, పనస ముక్క కూర ఒక్కటి చాలు.

నా లెక్కల పుస్తకం పేజీలన్నీ ఫొటో తీసి అప్ప ఫోన్‌కి పెట్టాను. నువ్వు చీటీల పుస్తకం చూసినట్టు కళ్ళజోడు పెట్టుకుని చూడు, ఎక్కడైనా ఎక్కువ ఖర్చు పెట్టాననిపిస్తే ఎర్రపెన్నుతో సున్నా చుట్టి తిరిగి పెట్టమను. ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తా.

నీ చిన్నమ్మాయి