కరావోకేలో మనవాళ్లు ఎన్కా పాడాలి

సంపాదకులకు నమస్కారం.

జపాన్ పాటలు అనగానే మన పత్రికల్లో అనిమే పాటల ముచ్చటే వస్తోంది, మీ ఆదివారం అనుబంధంలోనూ అంతే. అవి బాగుండవని అనను, పిల్లలు ఇష్టంగా పాడుకుంటున్నారు, పాడుకోనివ్వండి. కానీ ఉద్యోగాలకని జపాన్ వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ఆఫీసు పార్టీ అయ్యాక కరావోకేకి పదండి అనే పిలుపు వాళ్లకి తప్పదు. అక్కడికి వెళ్లి మనవాళ్లు ఒక మూల కూర్చుని చప్పట్లు కొడతారు, మరీ బలవంతపెడితే ఏదో ఇంగ్లిష్ పాట సగం పాడి మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. జపాన్ పాత పాటలు, అందులోనూ విరహం, ఊరి బెంగ లాంటివి రాగం తీసి పాడే ఎన్కా అనే రకం పాటలు, మన గొంతుకి ఇట్టే పట్టుబడతాయి, ఆ సంగతి వీళ్లకి చెప్పేవాళ్లే లేరు.

జపనీస్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో, కాకపోతే 'న్'తోనో ముగుస్తాయి. తెలుగులో పాడే అలవాటున్న నోటికి అది ఎంత హాయిగా ఉంటుందో పాడితేనే తెలుస్తుంది, ప్రతి మాట చివరా రాగం తీయడానికి జాగా దొరుకుతుంది. హ్రస్వం, దీర్ఘం తేడా ఎవరూ మనకి కొత్తగా నేర్పక్కర్లేదు. ఇక స్వరాల సంగతి. చాలా ఎన్కా పాటలు అయిదు స్వరాల మీదే నడుస్తాయి, మధ్యమం, నిషాదం తీసేస్తారు. పాశ్చాత్యుల మేజర్ స్కేలులో ఆ రెండూ పోతే మిగిలేవి అచ్చంగా మన మోహన రాగం స్వరాలే. మైనర్‌లో తీసేస్తే శివరంజనికి బాగా దగ్గర, ధైవతం ఒక్కటే అరమెట్టు కిందికి దిగుతుంది.

కొబుషి అని ఒక విరుపు ఉంటుంది. ఒకే అచ్చు మీద గొంతు చటుక్కున పక్క స్వరాన్ని తాకి మళ్లీ చోటికి వస్తుంది, సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకి అది సులువే. అలాగని మనకొచ్చిన గమకాలన్నీ తెచ్చి అందులో కుమ్మరించకండి, పాట నలిగిపోతుంది. ఎన్కాలో దీర్ఘాన్ని మొదట నిటారుగా నిలబెట్టాలి, ఊపు చివర్లోనే రావాలి. కావాలంటే కరావోకే మెషీన్‌లో మార్కులు వేసే మోడ్ పెట్టుకుని చూడండి, డామ్ కంపెనీదైనా జాయ్‌సౌండ్ కంపెనీదైనా శ్రుతి, కొబుషి, వైబ్రాటో (గొంతు ఊపు) అన్నీ విడివిడిగా చూపిస్తుంది. ఒంటరిగా సాధన చేసుకునేవాళ్లకి అంతకన్నా మంచి తోడు లేదు.

మొదట ఏం నేర్చుకోవాలి అంటే, నేనైతే 'కితగుని నో హారు' అంటాను. 1977లో సెన్ మసావో పాడిన పాట, ఎండో మినోరు బాణీ. తెల్లని బెర్చ్ చెట్లు, నీలాకాశం, దక్షిణపు గాలి, ఇలా ఉత్తరాది పల్లెలోని వసంతంతో మొదలవుతుంది, మాటలు కూడా ముక్కలు ముక్కలుగా పేర్చినట్టు ఉంటాయి కాబట్టి నోటికి తొందరగా వస్తాయి. పట్నంలో ఉన్న కొడుక్కి ఏ రుతువు నడుస్తోందో తెలియదని తల్లి ఒక చిన్న పార్సిల్ పంపిస్తుంది. చివరి చరణంలో వాడికి నాన్న, అన్న గుర్తొస్తారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడే రకం కాదు, అప్పుడప్పుడైనా ఎదురెదురుగా కూర్చుని మందు తాగుతుంటారా అనుకుంటాడు. ఇంటికి వెళ్లిపోదామా అనే మాటతో చరణం ముగుస్తుంది. ఊరొదిలి వచ్చినవాళ్లకి ఇంతకు మించి వివరించక్కర్లేదు, నేను మాత్రం ఆ నాన్న, అన్న దగ్గరికి వచ్చేసరికి గొంతు సర్దుకోకుండా ఎప్పుడూ పాడలేదు. స్వరాలు మోహనవే, తాళం నిదానం, శ్రుతి మరీ పైకి పోదు. చైనీస్‌లో తైవాన్ గాయని తెరెసా తెంగ్ పాడాక ఆసియాలో చాలా చోట్ల ఇది వాళ్ల సొంత పాటే అయిపోయింది. మనకెందుకు కాకూడదు?

ఎన్కా అంటే ఇంకా జంకుగా ఉంటే 'ఉఎ ఓ ముయితే అరుకో'తో మొదలుపెట్టండి. 1961 నాటిది, సాకమోతో క్యూ పాడాడు, 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ లిస్టులో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కన్నీళ్లు కిందికి జారకుండా పైకి చూస్తూ నడుద్దాం అనే పాట, బాణీ మాత్రం హుషారుగా ఉంటుంది. ఆయన ఒక్కో అచ్చుని రెండు మూడు ముక్కలు చేసి, వెక్కిళ్లు వస్తున్నట్టుగా పాడతాడు, ఆ ముక్కలు పడితే పాట వచ్చేసినట్టే. మధ్యలో ఈల వస్తుంది, అక్కడ గదిలో ఉన్నవాళ్లంతా కలుస్తారు.

ఆ తర్వాత ధైర్యం వస్తే ఇషికావా సయూరి పాడిన 'త్సుగరు కైక్యో ఫుయుగెషికి', అదీ 1977లోదే. రాత్రి రైల్లో టోక్యోలోని ఉయెనో నుంచి బయల్దేరి మంచులో మునిగిన ఆమోరి స్టేషన్‌లో దిగిన ఒక ఆడమనిషి, ఒంటరిగా ఉత్తరాన ఉన్న హొక్కాయిడో దీవికి వెళ్లే పడవ ఎక్కుతుంది. మాటలు అకు యూ రాశాడు. నడక మన తిశ్రంలా మూడేసిగా సాగుతుంది. మొదటి లైన్లు మాట్లాడుతున్నట్టు తగ్గించి పాడాలి, ఊపిరంతా చివర వచ్చే ఆ పెద్ద 'ఆ' కోసం దాచుకోవాలి. 1988లో సముద్రం కింద సెయికన్ సొరంగంలో రైలు మొదలై ఆ పడవలు ఆగిపోయాయి, పాట మాత్రం ఆగలేదు. ఆ త్సుగరు జలసంధి ఒడ్డున, 'తప్పి' అనే భూశిరం దగ్గర ఈ పాటకి ఒక శిలాఫలకం ఉంది, దాని మీది బటన్ నొక్కితే ఆ గాలిలో పాట గట్టిగా మోగుతుంది. సయూరి పాడినదే 'అమాగి గోయె' కూడా గొప్ప పాట, అయితే అది చాలా కష్టం, ముందే దాని జోలికి పోకండి. గాయని మిసోరా హిబారి చివరి రోజుల్లో, 1989లో వచ్చిన 'కావా నో నగారే నో యో ని' అయితే పెద్దవాళ్ల మధ్య పాడితే వాళ్లూ గొంతు కలుపుతారు. జంటగా పాడాలనుకుంటే 1961 నాటి 'గింజా నో కోయి నో మోనొగతారి' ఉండనే ఉంది.

జపాన్‌వాళ్ల పాట మనం పాడితే నవ్వరా అని చాలామంది నన్ను అడుగుతారు. నవ్వరు. మన దేశం నుంచి వచ్చిన సర్బ్‌జిత్ సింగ్ చడ్డా 1975లోనే ఎన్కా రికార్డు ఇచ్చాడు, తలపాగాతోనే. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టిన జెరో అనే గాయకుడు జపనీస్ అమ్మమ్మ దగ్గర ఈ పాటలు విని పెరిగాడు, 2008లో ఎన్కా గాయకుడిగా తొలి పాట విడుదల చేసి అదే ఏడాది డిసెంబర్ 31న, ఎన్‌హెచ్‌కే టీవీ ఏటా ఆ రాత్రి జరిపే 'కోహకు' పాటల వేదిక మీద పాడాడు. అసలు కరావోకే పుట్టిందే పాట సరిగా రానివాళ్ల కోసం. కోబేలో వాద్యం వాయించుకునే ఇనోయె దైసుకే దగ్గరికి ఒక కస్టమర్ వచ్చి, నాకు తాళం కుదరదు, నువ్వు వాయిస్తేనే నా పాట నిలబడుతుంది, ఊరెళ్తున్నాను టేపు చేసివ్వమని అడిగాడు. అలా పుట్టిన ఆలోచనతో 1971లో ఆయన మెషీన్ చేశాడు, పేటెంట్ కూడా తీసుకోలేదు. అంతకు ముందే టోక్యోలో నెగిషి షిగెయిచి అనే ఆయన ఇలాంటిదే ఒకటి చేశాడు, ఆ పేరు కూడా గుర్తుంచుకోవాలి.

చదవడం రాదనే టెన్షన్ వద్దు, స్క్రీన్ మీద కంజీ (చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరాలు) పైన చిన్న అక్షరాల్లో హిరగానా (ఉచ్చారణ చెప్పే తేలికైన లిపి) పడుతుంది, హిరగానా వస్తే చాలు. పాట ఎంచుకునే టాబ్లెట్‌లో కీ (శ్రుతి) తగ్గించుకోవడం నామోషీ కాదు, అక్కడివాళ్లూ తగ్గించుకుంటారు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, ఆఫీసులో పెద్దాయన ఎప్పుడూ పాడే పాట ఏదో ముందే కనుక్కోండి, ఆయన కంటే ముందు మీరు దాన్ని ఎత్తుకోకండి.

సంపాదకులు గారూ, నా కోరిక ఒక్కటే. వారానికి ఒక పాట చొప్పున, ఎవరు పాడారు, కథ ఏమిటి, ఏ స్వరాల మీద నడుస్తుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని ఒక చిన్న శీర్షిక మొదలుపెట్టండి, సంగీతం తెలిసినవాళ్లతో స్వరం కూడా రాయించండి. మొదటి వారం 'కితగుని నో హారు' వేస్తే, మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లకి మొదటి పార్టీ నాటికే పాట నోటికి వచ్చి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
టోక్యో