మన షెడ్డు వెనక మట్టి గురించి

మన షెడ్డుకి బండి తెచ్చే అందరికీ నమస్కారమండి. సోమ, మంగళ, బుధ మూడు రోజులు షెడ్డు మూసేస్తున్నాం, ఎందుకో దాచకుండా చెప్తా.

ఆటోనగర్‌లో నాన్నగారు పెట్టిన షెడ్డు ఇది. అప్పట్నుంచీ బండి ఆయిల్ మారిస్తే పాతది వెనకాల మట్టిలో పోసేయడమే, పాత బ్యాటరీల యాసిడ్ కూడా అక్కడే వంచేయడం, నేనూ ఇన్నేళ్లూ అదే చేశా. నేల నల్లగా తారులా గట్టిపడిపోయినా పట్టించుకోలేదు. పోయిన నెల వాన పడ్డప్పుడు నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతూ పారుతుంటే ఎటు పోతోందా అని వెనకే వెళ్లా, గోడవతల వాచ్‌మెన్ భార్య వేసుకున్న తోటకూర మడిలోకి పోతోంది. ఇక్కడేశావేంటమ్మా అంటే "నీళ్లు దగ్గరని వేశా బాబూ, పిల్లలకి అదే వండుతున్నా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాలిన ఆయిల్ అంటే ఒట్టి జిడ్డు కాదండి, బేరింగులు రింగులు అరిగిన సీసం, రాగి, క్రోమియం అందులోకే దిగుతాయి. ఆయిల్ ఎప్పటికైనా కుళ్లుతుందేమో గానీ సీసం కుళ్లదు, పైమట్టిలోనే ఉండిపోతుంది, యాసిడ్ పడితే కరిగి ఇంకా కదులుతుంది, ఆకుకూరల్లోకి ఎక్కుతుంది. చిన్నపిల్లలు మట్టిచేతులు నోట్లో పెట్టుకుంటే దెబ్బ మెదడుకే, సీసం ఒంట్లో ఇంతవరకు ఉంటే పర్లేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2000లో దేశమంతా పెట్రోల్‌లో సీసం ఆపేశారు కానీ అంతకుముందు నేలలో పడ్డది ఎక్కడికీ పోలేదు.

మడి తీయించేశాం, ఆ పిల్లలకి రక్తపరీక్ష ఖర్చు నాదే. ఈ మూడు రోజుల్లో పైమట్టి తీసి డ్రముల్లో మూత పెడతాం, పొల్యూషన్ బోర్డు వాళ్లు చెప్పిన చోటికే పంపుతాం, వెనకంతా కాంక్రీట్ వేయిస్తాం. ఇకమీద పాత ఆయిల్ రిజిస్టర్ అయిన రీసైక్లింగ్ వాళ్లకే. సెంట్రింగ్ పలకలకి రాస్తాం, తలుపులకి చెదలు పట్టకుండా పూస్తాం, ఒక డబ్బా ఇవ్వన్నా అని అడిగేవాళ్లు ఏమనుకోవద్దు, ఇవ్వలేను. పాత బ్యాటరీ ఇంట్లో పెట్టుకోకుండా కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి, పాత బ్యాటరీలు వెనక్కి సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదేనని 2022 రూల్స్ ఉన్నాయి.

సర్వీసింగ్ బిల్లులో 50 రూపాయలు పెరుగుతుంది, దీనికే. గురువారం పొద్దున తొమ్మిదికి తీస్తాం, బ్రేకుల పని ఉన్నోళ్లు ముందు ఫోన్ చేయండి.