‘స్వల్ప గాయం’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక మూలన నాలుగు లైన్ల వార్త చూశాను. రైస్ మిల్లులో బస్తాల నెట్టు కూలి ఒక కళాసీకి స్వల్ప గాయాలయ్యాయట. చికిత్స చేయించుకుని ఇంటికి వెళ్లిపోయాడని కూడా రాశారు. అది చదివాక రెండు రోజులు కుట్టు మిషను దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. మా ఆయనకు తగిలినప్పుడు కూడా అందరూ స్వల్ప గాయమనే అన్నారు.

2023 డిసెంబరు. ధాన్యం కొనుగోళ్ల రోజులు, మిల్లుల దగ్గర రాత్రీ పగలూ లారీలే. నరసన్నపేట వైపు ఒక మిల్లులో మా ఆయన లోడింగ్ చేస్తున్నాడు. బియ్యం బస్తా 50 కిలోలుంటుంది. పై వరస నుంచి మూడు జారి ఎడమ డొక్కలో పడ్డాయి. కింద పడ్డాడు, లేచాడు, నీళ్లు తాగాడు. ఒంటి మీద చిన్న గీరు కూడా లేదు. “రత్తమే రాలేదు, ఏటయిపోద్ది?” అన్నాడట మేస్త్రీ. దీన్నే మూగదెబ్బ అంటారు.

మేస్త్రీయే బండెక్కించుకుని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పక్కటెముక బీటలిచ్చిందన్నారు. దెబ్బ ఎలా తగిలిందని అడిగితే మా ఆయన నోరు తెరిచేలోపే మేస్త్రీ “బండి మీంచి పడ్డాడండి” అనేశాడు. చీటీలో అదే రాశారు. నేను వెళ్లేసరికి నన్ను పక్కకి పిలిచి “సెల్లీ, మిల్లు పేరెత్తితే పోలీసులూ కేసులూ. రేపు మళ్లీ పనికి రావాలి కదా” అన్నాడు. నేనూ తలూపాను. ఆ తలూపినందుకే ఇవాళ్టికీ తిరుగుతున్నాం.

మూడో రోజు తెల్లవారుజామున లేచినవాడు లేచినట్టే కూలబడిపోయాడు. ఒళ్లు చల్లబడిపోయింది, మొహం సున్నం కొట్టినట్టయింది. శ్రీకాకుళం తీసుకెళ్తే స్కానింగ్ చేసి, కడుపు నిండా రక్తం ఉందన్నారు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది చీలి, రక్తం ముందు పైపొర కింద గూడుకడుతుందట, ఒక్కోసారి కొన్ని రోజులకు ఆ పొర కూడా పగులుతుందట. ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు. అది లేనివాళ్లకు జ్వరమొస్తే అశ్రద్ధ చెయ్యకూడదన్నారు, టీకాలు వేయించారు. ఇప్పుడు మా ఆయన బస్తా ఎత్తలేడు. వీధి చివర కిళ్లీ బడ్డీ పెట్టుకున్నాడు.

పెద్ద పండక్కి ముందు మిల్లు తరఫు మనుషులు 60 వేలతో వచ్చారు. ‘ఇక ఏ క్లెయిమూ అడగం’ అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాలి. మా మరిది తీసేసుకోమన్నాడు. చేతిలో పెన్ను పట్టుకున్నాను కూడా. ఎందుకో ఒక్క రోజు ఆగమని, మర్నాడు శ్రీకాకుళం కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. కార్మికులకూ ఆడవాళ్లకూ అక్కడ ఉచితంగా లాయరును పెడతారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆ లాయరమ్మ కాగితం చదివి, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని చెప్పింది.

లెక్క కూడా తనే నేర్పింది. జాకెట్టు కొలతలు తప్ప లెక్కలు తెలియని నాకు ఇప్పుడిది నిద్రలో లేపినా వస్తుంది. సీజన్లో ఎంత సంపాదించినా ఈ చట్టం లెక్కలోకి తీసుకునే నెల జీతం 15 వేలకు మించదు. దానిలో 60 శాతం 9 వేలు. దెబ్బ తగిలిన నాటికి ఆయనకు 40 ఏళ్లు, ఆ వయసుకు పట్టికలో ఉన్న గుణకం 184.17. రెండూ హెచ్చిస్తే 16,57,530 రూపాయలు. అది పూర్తిగా పనికిరాకుండా పోయినవాడికి. మా డాక్టరు సంపాదన శక్తి 30 శాతం పోయిందని రాశారు కాబట్టి మాకు 4,97,259. నెల దాటినా కట్టకపోతే 12 శాతం వడ్డీ. వైద్యం ఖర్చు వేరు. అరవై వేలకు సంతకం పెట్టబోయిన చెయ్యి ఇదే.

చట్టంలో ఇంకో పట్టిక ఉంది. చేతి బొటనవేలు పోతే 30 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం. వేలికీ కంటికీ వరస ఉంది గానీ ప్లీహానికి లేదు. పట్టికలో లేని దెబ్బకు డాక్టరు ఇచ్చే శాతమే ఆధారం. దాంతో మా కేసులో మిల్లు తరఫు లాయరు “ప్లీహం లేకపోయినా మనిషి బతుకుతాడు కదా” అని అడిగాడు. బతకడం గురించి కాదు బాబూ, బస్తా గురించి అడుగుతున్నాం అనాలనిపించింది. అనలేదు.

మిల్లు వాళ్లు మొదట ఆ మనిషే మాకు తెలియదన్నారు. మేస్త్రీ తెచ్చిన కూలీ అయినా, మిల్లు పనిలోనే దెబ్బ తగిలితే యజమానే బాధ్యుడని 12వ సెక్షన్ చెబుతోంది. మేస్త్రీ బస్తాల లెక్క రాసుకునే నోటుపుస్తకంలో ఆ రోజు పేజీని మా ఆయన అంతకుముందే ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, కూలిలో కోత పెడతారేమోనని. అదే అక్కరకొచ్చింది. ఆ రోజు అక్కడున్న లారీ డ్రైవరు ఒకాయన కూలి పోగొట్టుకుని వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. ఇన్ని చేసినా ప్రతి వాయిదాకూ ఆ మొదటి చీటీయే బయటికి వస్తోంది. ‘బండి మీంచి పడ్డాడు’.

అందుకే డాక్టర్లకూ నర్సులకూ ఒక మనవి. దెబ్బతో వచ్చినవాడిని తెచ్చిన మనిషిని కాసేపు బయట నిలబెట్టి, ఎలా తగిలిందో రోగినే అడగండి. రక్తం కనబడని దెబ్బ అయితే మరీను. కార్మిక శాఖ వాళ్లు ఈ గుణకాల పట్టికను తెలుగులో మిల్లుల గేట్ల దగ్గర అంటిస్తే బాగుంటుంది. పాత చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిందని మా లాయరమ్మ చెప్పింది. మా కేసు పాతది కాబట్టి పాత చట్టం కిందే నడుస్తోంది. కొత్తగా దెబ్బ తగిలినవాళ్లు ఎక్కడికి వెళ్లాలో, ఎన్నాళ్లలోపు వెళ్లాలో మీ పేపర్లో ఒక రోజు పెద్ద అక్షరాలతో వేయండి. పాత చట్టంలో అయితే రెండేళ్లే గడువు.

ఇక ఆ నాలుగు లైన్ల వార్తలోని కళాసీ సంగతి. పేరూ ఊరూ మీరే వేశారు, మీ విలేకరికి ఇల్లు తెలిసే ఉంటుంది. ఒక్కసారి వెళ్లి, ఆసుపత్రి చీటీలో ఏమని రాశారో చూడమనండి. డొక్కలో గానీ ఎడమ భుజంలో గానీ నొప్పి ఉందేమో, కళ్లు తిరుగుతున్నాయేమో అడగమనండి. ఉంటే వెంటనే స్కానింగుకి తీసుకెళ్లమని చెప్పమనండి.

ఒక కళాసీ భార్య,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా
(కేసు నడుస్తోంది కాబట్టి పేరు వేయవద్దని మనవి.)