మంత్రి గారూ, కెపాసిటర్ లాభం లైనుకు, ఖర్చు రైతుకా?

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఇప్పుడు ఊళ్లో నిమ్మతోట, దానికో 5 హెచ్‌పీ బోరు మోటారు నా లోకం.

పక్క పొలం రైతు మొన్నీమధ్య కరెంటు తగ్గుతుందని స్టార్టర్ పెట్టెకు కెపాసిటర్ అనే డబ్బా బిగించుకున్నాడు. వారం తిరక్కుండానే ఊడదీసి షెడ్డు మూలన పడేశాడు. ఎందుకని అడిగితే, "ఏమీ తగ్గలేదు మాస్టారూ. ఎలక్ట్రీషియన్ టంగ్ టెస్టర్ పెట్టి మరీ చూపించాడు. ముందు ఎంత లాగేదో ఇప్పుడూ అంతే లాగుతోంది" అన్నాడు. టంగ్ టెస్టర్ అంటే తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం.

టెస్టర్ అబద్ధం చెప్పలేదు. దాన్ని పట్టించిన చోటే వేరు. స్టార్టర్ నుంచి బోరులోకి దిగే తీగకు పట్టించారు. నేను కెపాసిటర్ మళ్లీ బిగించి, స్తంభం నుంచి స్టార్టర్‌కు వచ్చే తీగకు పట్టించి చూపించాను. 8.6 ఆంపియర్లు 7.1కి దిగింది. ఆయన రెండు మూడు సార్లు కెపాసిటర్ తీయించి, పెట్టించి చూశాడు.

మోటారు చుట్టలకు పని చేసే కరెంటు ఒక్కటే చాలదు, అయస్కాంతాన్ని నిలబెట్టే కరెంటు కూడా కావాలి. దానివల్ల కరెంటు వోల్టేజీ వెనక నడుస్తుంది. మన సరఫరాలో ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. పవర్ ఫ్యాక్టర్ (లాగే మొత్తంలో నిజంగా పనికి వచ్చే వంతు) 0.75 ఉన్న మోటారులో వోల్టేజీ శిఖరానికి చేరాక కరెంటు చేరడానికి మరో 2.3 మిల్లీసెకన్లు పడుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి వెనకబడితే బండి లాగడానికి రెండూ ఎంత ఆయాసపడతాయో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కెపాసిటర్‌లో వరస తిరగబడుతుంది, కరెంటే ముందు నడుస్తుంది. అందుకే మోటారు అడిగే అయస్కాంతపు కరెంటును అది పక్కనే నిలబడి అందిస్తుంది. ఆ మేరకు సబ్‌స్టేషన్ నుంచి మోసుకు రావలసిన పని తప్పుతుంది. మోటారు లాగేది మాత్రం మారదు.

తగ్గేది మీ లైను మీద, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 8.6 నుంచి 7.1కి దిగితే ఆ మోటారు వల్ల తీగలో పోయే నష్టం దాదాపు మూడో వంతు తగ్గినట్లే. ఇలాంటి మోటార్లు నాలుగు నడిస్తే 25 కేవీఏ (మోయగల మొత్తం భారానికి కొలత) ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోతుంది. ఒక్కోదానికి 2 కేవీఏఆర్ (అయస్కాంతపు భారానికి కొలత) కెపాసిటర్ పెడితే అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం 20.5 కేవీఏ దగ్గర ఆగుతుంది. రైతుకు దక్కేది లైను చివర కాస్త మెరుగైన వోల్టేజీ. అదీ అందరూ పెట్టుకుంటేనే.

2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కెపాసిటర్ తప్పనిసరి అన్నారు. కొనవలసింది మాత్రం రైతు. హెచ్‌టీ (హై టెన్షన్) పరిశ్రమలకు కేవీఏహెచ్ లెక్కన, అంటే అయస్కాంతపు కరెంటునూ కలుపుకుని, బిల్లు పడుతుంది, కాబట్టి మిల్లు యజమాని తన కెపాసిటర్లను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. బిల్లే రాని రైతుకు ఆ డబ్బా ఉబ్బినా, లోపల ఎండిపోయినా తెలిసే దారి లేదు. పైగా మా వైపు కెపాసిటర్‌ను కండెన్సర్ అంటారు; కండెన్సర్ అంటే మూడు ఫేజుల్లో ఒకటి లేనప్పుడు టూ ఫేజ్ మీద మోటారు నడిపేందుకు పెట్టే డబ్బా అనే అందరి లెక్క. అలా నడిపి మోటార్లు కాల్చుకున్నవారు దీన్ని చూసినా జంకుతారు. రెండూ ఒకటి కాదని చెప్పినవారు లేరు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. కెపాసిటర్‌ను కూడా ట్రాన్స్‌ఫార్మర్ లాగే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఆస్తిగా చూడండి. మోటారు ఆగితే అదీ ఆగేలా స్టార్టర్ తర్వాత మీ సిబ్బందే బిగించాలి, పాడైతే మీరే మార్చాలి. ఏడాదికి రెండుసార్లు లైన్‌మన్ స్తంభం వైపు తీగకు టెస్టర్ పట్టించి ఆంపియర్లు రాసుకోవాలి. రైతు వైపు తీగకు కాదు.

ఈ వేసవి తడులు మొదలయ్యేలోగా ఒక్క వ్యవసాయ ఫీడరులో (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైనులో) చేసి చూడండి. సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడరు ఆంపియర్లు ముందూ వెనకా రాయించండి. ఏ ఫీడరూ దొరక్కపోతే మాది తీసుకోండి. టంగ్ టెస్టర్ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ లెక్చరర్