పొరల పేర్లు కాదు, అవి పుట్టిన కారణాలు బోధించాలి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పాఠం అనగానే విద్యార్థుల చేత నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడగొట్టి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లను కంఠస్థం చేయించడం ఏళ్ల తరబడి సాగుతోంది. ఆ నమూనా 1984లో ప్రమాణంగా వెలువడింది. అంతకుముందే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నెట్‌వర్క్ ఎన్‌సీపీ అనే పాత ప్రోటోకాల్‌ను (కంప్యూటర్లు సమాచారం మార్చుకునే నియమావళిని) వదిలి టీసీపీ, ఐపీ అనే ప్రోటోకాల్‌ల జంటకు (టీసీపీ/ఐపీ) మారింది; నేటి ఇంటర్నెట్ నిలిచింది ఆ పునాది మీదే. ఏడు పొరల నమూనా పనికిరానిదని నా వాదన కాదు. కానీ కారణం చెప్పకుండా పేర్లు మాత్రమే నేర్పడం విద్యార్థికి అన్యాయం చేయడమే. పాఠ్యప్రణాళికలు రూపొందించేవారు దీన్ని సరిదిద్దాలని కోరుతున్నాను.

ఈ ప్రోటోకాల్‌ల రూపకర్తలు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పత్రంలో టీసీపీ, ఐపీ అనే విభజన లేదు. ప్యాకెట్లను, అంటే సమాచారాన్ని విడగొట్టిన చిన్న ముక్కలను, గమ్యానికి చేర్చే ఏర్పాటు, దారిలో పోయినవాటిని మళ్లీ పంపే ఏర్పాటు అందులో కలిసే ఉన్నాయి. ఫైళ్లు పంపడానికి అది చక్కగా సరిపోతుంది. మాటను పంపబోయినప్పుడు చిక్కు వచ్చింది: సంభాషణలో చిన్న శబ్దశకలం పోయినా అర్థం చెడదు గానీ, దాన్ని మళ్లీ తెప్పించే వరకు తరువాతి మాటలను ఆపి ఉంచితే సంభాషణే సాగదు. రెండు బాధ్యతలనూ ఒకే ప్రోటోకాల్‌కు అప్పగించడం ఒక్కో పొర తన పనికే పరిమితం కావాలనే పొరల సూత్రానికి విరుద్ధమని 1977లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన జాన్ పోస్టెల్ తన పత్రంలో గట్టిగా తప్పుబట్టారు. 1978లో ఐపీ వేరుపడి చేరవేతకే పరిమితమైంది. ఏదీ పోకుండా, వరుస తప్పకుండా అందించే పూచీ రెండు చివర్ల కంప్యూటర్లలో నడిచే టీసీపీకి మిగిలింది. ఆ పూచీ అక్కర్లేని అప్లికేషన్ల కోసం 1980లో యూడీపీ అనే తేలికైన ప్రోటోకాల్ వచ్చింది.

ఈ విభజన వల్లనే టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించినప్పుడు దారిలో ప్యాకెట్లను ముందుకు పంపే రూటర్లను మార్చవలసిన అవసరం రాలేదు. దారిలోని పరికరాలు చేరవేతకే పరిమితం కావాలనే ఆ హద్దును మీరితే ఏమవుతుందో కూడా పాఠంలో ఉండాలి. వచ్చీపోయే ప్యాకెట్లను వడపోసే ఫైర్‌వాల్‌ల వంటి మధ్యవర్తి పరికరాలు టీసీపీ హెడర్లను (ప్యాకెట్ మొదట ఉండే నియంత్రణ సమాచారాన్ని) చదివి, తమకు తెలియని వాటిని అడ్డగిస్తూ రావడంతో టీసీపీలో కొత్త మార్పులు తేవడమే కష్టమైపోయింది. 2021లో ప్రమాణమైన క్విక్ అనే కొత్త ప్రోటోకాల్‌ను యూడీపీ మీద నిర్మించి, దాని నియంత్రణ సమాచారంలో అధికభాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడానికి (దారిలో ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడానికి) ఇదొక ముఖ్య కారణం.

కాబట్టి పరీక్షల్లో ఏడు పేర్లు రాయమనడం మాని, ప్రత్యక్ష సంభాషణకు టీసీపీ ఎందుకు అనువు కాదో వివరించమని అడగాలి. అసలు పత్రాలను కూడా చదివించాలి. అవి ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగినవే. యూడీపీని నిర్వచించిన ఆర్ఎఫ్‌సీ 768 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మూడు పేజీలు మాత్రమే, ఒక్క తరగతిలో పూర్తిచేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు