ఎద్దుల బండి సందేహం

ఒరే శీనూ,

ఎలా ఉన్నావ్‌రా? పోయిన వారం అక్కావాళ్ళూరెళ్ళా, అప్పట్నించీ నీకు రాయాలనుకుంటూనే ఉన్నా. మా మేనకోడలు తొమ్మిదో తరగతికొచ్చింది, రాత్రి అన్నం తింటూ అడిగింది, "మామయ్యా, ఎద్దులు బండిని ఎంత బలంతో లాగితే బండీ ఎద్దుల్ని అంతే బలంతో వెనక్కి లాగుద్దంటగా, అప్పుడు రెండూ క్యాన్సిల్ అయిపోవాలి, ఇంక బండెలా కదులుద్ది?" అని. నాకెంత ఆనందమేసిందో! న్యూటన్ మూడో నియమం చదివినోళ్ళకి రావాల్సిన డౌటే అది. అసలు 1687లో ప్రిన్సిపియా అనే తన పుస్తకంలో ఆ నియమం కింద న్యూటన్ ఇచ్చిన ఉదాహరణ కూడా ఇలాంటిదే, తాడు కట్టిన రాయిని గుర్రం లాగుతుంటే రాయీ గుర్రాన్ని అంతే వెనక్కి లాగుతుందని.

జవాబు మర్నాడు వాళ్ళ వీధి చివరే దొరికింది. వానకి ఒక ఎద్దుల బండి బురదలో దిగబడింది, మేనకోడల్ని తీసుకెళ్ళి చూపించి బండిని కాదు, ఎద్దుల కాళ్ళు చూడమన్నా. గిట్టలు నేలలోకి దించి వెనక్కి తంతున్నాయి, మెడల మీద కాడి బిగుసుకుపోయింది, అయినా గిట్ట జారినప్పుడల్లా బండి అంగుళం కదల్లా. బండాయన నాలుగు రాళ్ళూ ఇంత ఎండుగడ్డీ తెచ్చి ఎద్దుల కాళ్ళ కింద వేసి అదిలించాడంతే, బయటికొచ్చేసింది. బండిలో బరువు అదే, ఎద్దులూ అవే, మారిందల్లా కాళ్ళ కింద పట్టు. ఎద్దు నేలని వెనక్కి తోస్తే నేల ఎద్దుని ముందుకి తోస్తుంది, ఆ తోపు బండి వెనక్కి లాగేదానికంటే ఎక్కువైతే ఎద్దు కదులుద్ది. బండి సంగతంటావా, దాన్ని ఎద్దులు ముందుకి లాగుతాయి, బురద వెనక్కి పట్టుకుంటుంది, వీటిల్లో ఏది ఎక్కువైతే అది గెలుస్తుంది. ఆ సమానమైన బలాలు ఒకటి బండి మీద, ఇంకోటి ఎద్దుల మీద పడతాయిరా, వేరే వేరే వస్తువుల మీద పడేవి ఎలా క్యాన్సిల్ అవుతాయి?

ఇదంతా నీకెందుకంటే నువ్వు కొత్త బైక్ కొన్నావని అమ్మ చెప్పింది. బండిని ఆపేది బ్రేకని అనుకుంటాం గానీ బ్రేక్ చక్రాన్ని పట్టుకుంటుందంతే, బండిని ఆపేది రోడ్డు, ఆ ఎద్దు కాలి కిందున్న నేల లాగానే. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం, అంటే టైరుకి రోడ్డు మీద పట్టెంతో చెప్పే అంకె, 0.7 అనుకో, గంటకి 36 కిలోమీటర్లలో వెళ్తుంటే బ్రేక్ పట్టాక ఏడు మీటర్ల చిల్లరలో ఆగుతావ్. 72లో వెళ్తే రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 29 మీటర్లు! కుక్క అడ్డమొచ్చిందని చూసి బ్రేక్ మీదకి చెయ్యి వెళ్ళేసరికి ఒక సెకను పట్టినా అప్పటికే 20 మీటర్లు పోయుంటావ్, అవి వేరే. వాన పడి పట్టు సగమైందనుకో, ఆ 29 కాస్తా 58 అవుద్ది. వెనకెవరన్నా కూర్చుంటే లెక్క మారుతుందనుకుంటారు, బరువు పెరిగితే ఘర్షణా అంతే పెరుగుతుంది కాబట్టి ఈ లెక్కలో బరువు రానే రాదు. ఇంకోటి, చక్రం దొర్లుతున్నంతసేపే పట్టు బాగుంటుంది, బిగుసుకుపోయి జారడం మొదలైతే తగ్గిపోద్ది, హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. అందుకే ఏబీఎస్ అని బ్రేకులకుండే ఏర్పాటు చక్రాన్ని పట్టి వదిలి, పట్టి వదిలి దొర్లిస్తూనే ఉంటుంది. నీ బండికి ఉందా? లేకపోతే తడి రోడ్డు మీద బ్రేక్ ఒక్కసారిగా నొక్కెయ్యకురా, నా మాట విను.

బస్టాండుకి వచ్చి నన్ను ఎక్కిస్తూ మేనకోడలు ఇంకోటి అడిగింది, బస్సు బ్రేక్ వేస్తే మనల్ని ముందుకి తోసేదెవరని. ఎవరూ తొయ్యరమ్మా, బస్సుతో పాటు కాళ్ళు ఆగిపోతాయి, పైనున్న ఒళ్ళు అదే స్పీడులో వెళ్తూనే ఉంటుందని చెప్పేలోపే బస్సు కదిలింది, నేను వెనక్కి తూలి కమ్మీ పట్టుకున్నా, కిటికీలోంచి చూస్తే అది చప్పట్లు కొడుతోంది.

టైర్ల మీద గాడులు ఎంత మిగిలాయో చూసి రాయి.

నీ,
రాము