పాపా, ఆ డైరీ చివరి పేజీ గురించి

పాపా,

ఫోన్‌లోనే చెబుదామని రెండుసార్లు అనుకున్నా గానీ, ఫోన్‌లో అయితే నువ్వు "సరే నాయనా, సరే నాయనా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. ఈ టైముకి కొట్లోకి ఎవరూ రారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే జమ్మలమడుగు బజారులో కుక్క కూడా తిరగడం లేదు, ఎండ అట్లా ఉంది. రెండు మూడు విడతల్లో రాసి పంపుతా. నైట్ డ్యూటీలో చదవకు, ఇంటికొచ్చి పడుకుని లేచినాక చదువు.

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈస్టర్‌కు వచ్చినప్పుడు నీ నీలం అట్ట డైరీ ఇక్కడే మర్చిపోయావు. మీ అమ్మ దాన్ని బీరువాలో పెట్టబోతుంటే చివరి పేజీ తెరుచుకుంది. చూడకూడదు, చూశాం. పైన "నాయనకు ఇవ్వాల్సింది 4,60,000" అని రాసి, గీత కొట్టి, కింద నెలనెలా 8,000 తీసేసుకుంటూ వచ్చావు. 14 నెలలు. మిగిలింది 3,48,000. లెక్క ఎక్కడా తప్పలేదు, కిరాణా కొట్టోడి కూతురివి కదా. నర్సింగ్ ఫీజు, హాస్టలు, రెండో ఏడు కొన్న ఆ పాత ల్యాప్‌టాప్, దాన్ని కూడా వదల్లేదు నువ్వు.

నువ్వు పంపే డబ్బు గురించి నేను బజార్లో నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ పేజీ చూసినాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నా కూతురు నా దగ్గర అరువు ఖాతా పెట్టుకుని బతుకుతోందా, బాకీ తీరేదాకా ఈ ఇంట్లో నిమ్మళంగా కూర్చోదా అని. మీ అమ్మ ఒకే మాట అంది: "ఈ లెక్కలు నేర్పింది ఎవరు?"

ఎవరో కాదు, నేనే. టెన్త్‌లో నీకు 9.8 వచ్చినప్పుడు "ఆ 0.2 యాడ పోయిందే" అన్నాను. నవ్వుతూనే అన్నాను, స్వీట్ బాక్స్ కూడా తెచ్చాను, కానీ నీకు గుర్తుండేది స్వీట్ కాదు, ఆ 0.2. సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పి మొదటి బహుమతి తెస్తే వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి, తేని ఏడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లలు ఇట్లాంటివి పట్టుకుంటారు. నాయన ఇట్లా ఉంటే పరలోకంలో ఉన్న తండ్రి ఇంకెట్లా ఉంటాడో అని ఎవరైనా అనుకుంటారు, దానికి నిన్ను ఏమని తప్పు పట్టేది.

ఇప్పుడు ఈస్టర్ ఆదివారం సంగతి. అందరం సంస్కారానికి, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, గిన్నె తీసుకోవడానికి లేచాం, నువ్వు లేవలేదు. బెంచీ మీద తలవంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నావు. నేను బల్ల దగ్గర మోకరించి వెనక్కి చూడకూడదని తెలిసి కూడా చూశాను. ఆ రాత్రి నువ్వు మీ అమ్మకు చెప్పిందంతా ఆమె నాకు చెప్పింది, ఆమె మీద కోపం తెచ్చుకోవద్దు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకుని, వరసగా నైట్ డ్యూటీలు పడేసరికి 17వ రోజున వదిలేశావంట. అది పెద్ద విషయం కాదు. పెద్దది ఆ ముసలాయన. మాటిమాటికీ బెల్లు కొడుతున్నాడని, రాత్రి మూడు గంటలకు, "ఒక్క నిమిషం నోరు మూసుకుని పడుకోలేవా తాతా" అని అరిచావు. మర్నాడు డ్యూటీకి పోయేసరికి బెడ్డు మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

పాపా, అది తప్పే. "పర్లేదులే, డ్యూటీ టెన్షన్‌లో ఎవరైనా అరుస్తారు" అని నేను అనను, నీ స్నేహితులు అని ఉంటారు, నీకు అది ఆనలేదు, ఆనదు కూడా. వెయ్యి రూపాయల బాకీని వంద అని చెప్పడం మాఫీ కాదు, దొంగలెక్క. వెయ్యిని వెయ్యి అని చదివి, ఆ తర్వాత కొట్టేస్తేనే మాఫీ. దేవుడి దగ్గర జరిగేది ఆ రెండోది. సిలువ మీద ఎవరూ "పర్లేదులే" అనలేదు.

"నేను యోగ్యురాల్ని కాదు, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని బైబిల్లోనే ఉంది కదమ్మా" అన్నావంట. ఉంది, 1 కొరింథీ 11లో. మన సంఘాల్లో ఈ ఒక్క మాటకు భయపడి ఏళ్ళకేళ్ళు బల్లకు దూరంగా ఉన్నవాళ్ళు నాకు పదిమంది తెలుసు. కానీ ఒకసారి నిదానంగా చదువు. అక్కడ ఉన్నది "అయోగ్యముగా" అని, "అయోగ్యుడు" అని కాదు. తినే పద్ధతి గురించి రాశాడు పౌలు, తినే మనిషి ఎంత మంచోడు అని కాదు. కొంచెం పైన 21వ వచనంలో ఆ కొరింథు సంఘంవాళ్ళు ఏం చేస్తున్నారో ఉంది చూడు, ఉన్నోళ్ళు ముందే వచ్చి తిని తాగి మత్తెక్కి కూర్చుంటే, లేనోళ్ళు వచ్చి ఆకలితో పోతున్నారు. దాన్ని తిట్టాడు ఆయన. కింద 28లో "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నాడు, నిజమే, కానీ అక్కడితో ఆపలేదు, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. పరీక్షించుకుని తినమన్నాడు గానీ పరీక్షించుకుని బెంచీ మీదే కూర్చోమనలేదు. అసలు మన ఆరాధన క్రమంలో బల్లకు ముందు ఏం చదువుతాం? నీ బల్ల కింద పడిన ముక్కలు ఏరుకోవడానికి కూడా మేం పాత్రులం కాము అని అందరం గట్టిగా చదివి, చదివిన నోటితోనే లేచి పోతాం. పాత్రులే రావాలంటే ఆ రోజు పాస్టరు అయ్యగారు కూడా ఇంట్లోనే ఉండాలి.

ఇంకొకటి, అవ్వ చెప్పేది. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుందో లేదో. లండన్ మిషన్ వాళ్ళు కడపకు వచ్చి 200 ఏళ్ళు దాటింది, మన క్యాంబెల్ ఆసుపత్రి కూడా వాళ్ళు కట్టిందే. అవ్వకు ఆ చరిత్రేమీ తెలియదు. ఆమెకు తెలిసింది ఒకటే, వాళ్ళ ఊళ్ళో బావి దగ్గర మనవాళ్ళు కడవ కింద పెట్టి, ఎవరైనా పైనుంచి పోసేదాకా నిలబడాలి. అట్లాంటి మనిషి మొదటిసారి సంస్కారానికి పోయినప్పుడు అందరికీ ఒకటే గిన్నె చేతికిచ్చారంట. "నేను తాగిన గిన్నెలోనే దొరసాని తాగింది రా" అని చెప్పి చెప్పి మురిసేది. యోగ్యత ఉందా అని అడిగే చోట్లు మనవాళ్ళకు ఈ దేశంలో కొదవేం లేదు. అడగని చోటు ఒకటి దొరికితే, అక్కడికి పోయి మనమే యోగ్యత సర్టిఫికెట్ వెతుక్కోవడం, అవ్వ ఉంటే చీపురు తీసేది.

ఇవన్నీ నాకు బాగా ఒంటపట్టి నీకు చెబుతున్నానని అనుకోకు. నీకు చెప్పని సంగతి ఒకటుంది.

2016లో నాకు ఆపరేషన్ అయింది కదా, ఆ ఏడూ తర్వాతి ఏడూ కొట్టు సరిగ్గా నడవలేదు, ప్రొద్దుటూరు మండీలో సరుకు బాకీ 1,26,000 అయింది. నీ ఫీజు కట్టాల్సిన టైము కూడా అదే. 2018లో ఒకరోజు గడువు అడుగుదామని పోయాను. ఆయన మన విశ్వాసం మనిషి కాదు, పొద్దున్నే అమ్మవారిశాలకు పోయి బొట్టు పెట్టుకుని వచ్చి గల్లా ముందు కూర్చునే మనిషి. నేను ఇంకా సగం మాట చెప్పనే లేదు, ఎర్రట్ట ఖాతా తీసి, వేలు తడి చేసుకుని నా పేజీ తిప్పి, అడ్డంగా ఒక గీత గీసి కింద "చెల్లు" అని రాశాడు. ఎందుకు సామీ అంటే, "ఎందుకేముంది, నా పుస్తకం నా ఇష్టం" అన్నాడు.

నాకు సంతోషం కావాలి కదా? కాలేదు. ఒక విధమైన చిన్నతనం అయింది. కొట్లో సబ్బుల పొడికి సబ్బు ఉచితం అంటేనే జనం ఆ పాకెట్ అటూ ఇటూ తిప్పి ధర ఎక్కడ పెంచాడా అని చూస్తారు, నేనూ అంతే. తర్వాత ఏడాది పాటు ఆయన దగ్గరికి ఎప్పుడు పోయినా ఒక సంచి చెనిక్కాయలో, నెయ్యి డబ్బానో పట్టుకుపోయేవాణ్ణి, కుర్చీ చూపించినా కూర్చునేవాణ్ణి కాదు. ఒకరోజు ఆయన విసుక్కున్నాడు: "ఏమబ్బా, నేను బాకీ కొట్టేస్తి, నువ్వేమో వడ్డీ కడతానే ఉండావే!"

ఇది కాదు నేను చెప్పదలచుకున్నది, అసలుది ఇంకా ఉంది. ఆయన చెల్లు రాసిన పది రోజులకు, మన కొట్లో 3,400 బాకీ ఉన్న కౌలురైతు బజార్లో ఎదురుపడ్డాడు. ఆ ఏడు వానల్లేక పొలం ఎండి పోయింది, నాకు తెలుసు. పక్కన వాళ్ళ పిల్లోడు ఉన్నాడు. అయినా నలుగురిలో నోటికొచ్చినట్టు అడిగాను. ఆ పిల్లోడు వాళ్ళ నాయన చెయ్యి విడిచి నా మొహం చూస్తూ నిలబడ్డాడు. మత్తయి 18లో రాజు మాఫీ చేస్తే బయటికొచ్చి తోటివాడి గొంతు పట్టుకున్న దాసుడు ఉన్నాడే, వాణ్ణి ఎన్నిసార్లు తిట్టుకుంటూ చదివానో నేను.

ఆ కథ ఆ తర్వాత వేరేగా చదవడం మొదలుపెట్టాను. కొట్టోణ్ణి కాబట్టి ముందు లెక్క వేశాను. తలాంతు అంటే 6,000 దేనారాలు అంటారు, దేనారం ఒక రోజు కూలి. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా, మన దగ్గర యాడ దొరుకుతుంది, అయినా దొరికినా, 2 లక్షల ఏళ్ళు పని చేయాలి వాడు. అంత బాకీ పెట్టుకుని వాడు రాజును ఏం అడిగాడో చూడు: "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును." మాఫీ అడగలేదు పాపా, గడువు అడిగాడు! రాజు మాఫీ ఇచ్చాడు, వీడి చెవికి మాత్రం గడువు అనే వినపడిందేమో. ఇంకా కట్టాలి అనుకునేవాడే కదా బయటికొచ్చి వసూళ్ళు మొదలుపెట్టేది. ఇట్లా ఏ అయ్యగారూ ప్రసంగంలో చెప్పగా నేను వినలేదు, నా ఆలోచన, తప్పైతే తప్పు. కానీ నేను చేసింది మాత్రం అచ్చంగా అదే. నాకు చెల్లు రాశారని నేను నమ్మి ఉంటే ఆ రోజు బజార్లో నా నోరు లేచేది కాదు.

అందుకే ఒక మాట అడుగుతున్నా, బాధపడకు. రాత్రి మూడు గంటలకు ఆ తాత మీద అరిచింది ఓపిక లేని పిల్లా, లేక ఉపవాసం తప్పాను, వాక్యం చదవలేదు, డబ్బు పంపాలి, దేవుడికి కోపంగా ఉందేమో అని లోపల 2 లక్షల ఏళ్ళ బాకీ కట్టుకుంటున్న పిల్లా? నాకు తెలియదు. నువ్వే చూసుకో.

ఆ రైతు ఖాతా తర్వాత నేనూ చెల్లు వేసేశాను, మనిషితో కబురు కూడా పంపాను. రాలేదు. ఇప్పటికీ మన బజారు వదిలి వెనక వీధిలోంచి చుట్టు తిరిగి పోతాడు, అక్కడి కొట్లో కందిబేడలు కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొంటాడు. ఒకసారి బస్టాండులో దొరకబుచ్చుకుని "ఖాతా కొట్టేశానన్నా, ఇంటికి రా" అంటే, "ఇస్తాలే అన్నా, ఇస్తా" అని గబగబా పోయాడు. కొట్టేశాను అంటుంటే ఇస్తాలే అంటాడు! నేను చేసిన గాయం అది, నా చేతిలో మానడం లేదు. ప్రతి నెలా సంస్కారానికి మోకరించినప్పుడు ఆ పిల్లోడి మొహం గుర్తొస్తుంది. గుర్తొచ్చినా చెయ్యి చాస్తాను, పొద్దున తూచిన చింతపండు వాసన పోని చెయ్యే, అయ్యగారు అందులోనే రొట్టె పెడతారు.

నీకూ ఆ తాతకు క్షమాపణ చెప్పే దారి లేకుండా పోయింది. వాళ్ళ ఇంటివాళ్ళు ఎప్పుడైనా కనిపిస్తే ఒక మంచి మాట చెప్పు, బెల్లు కొట్టే ఇంకో తాత దగ్గరికి తొందరగా పో. అయితే అది ఆయన బాకీ కింద జమ వేసుకోవద్దు.

వచ్చే నెల మొదటి ఆదివారం డ్యూటీ ఎప్పుడో మెసేజ్ పెట్టు, నైట్ పడితే సాయంత్రం ఆరాధన ఉండే చర్చి ఏదైనా మీ వార్డులో మలయాళీ సిస్టర్లను అడుగు, వాళ్ళకు తెలియని చర్చి ఉండదు. ఈ నెల 8,000 వచ్చింది, తిప్పి నీ అకౌంట్లోనే వేశాను. మాకు అవసరం ఉంటే నోరు తెరిచి అడుగుతా, కూతుర్ని అడగడానికి నాకేం సిగ్గు. డైరీ నేను దాచలేదు, ఆ పేజీ చించలేదు కూడా, అది నీది. పేజీ కింద మాత్రం ప్రొద్దుటూరు ఆయన రాసిన మాటే రాసి సంతకం పెట్టాను.

గురువారం రాత్రి బెంగళూరు బస్సుకు మీ అమ్మ డైరీతో పాటు చెనిక్కాయల ఊరిమిండి, ఓళిగలు పంపుతుంది. నువ్వు ఒక్కదానివే తినకు, రూములో పిల్లలకు పెట్టు. స్టీలు డబ్బా మాత్రం కచ్చితంగా వాపసు తేవాలంట, పోయినసారిది ఇంకా రాలేదంట. ఎంత కృప అయినా డబ్బాలకు వర్తించదని చెప్పమంది.

మీ నాయన